రోజంతా మెటల్ పాటలే వేసిన "స్కజ్" ఛానల్ గురించి ఎవరికైనా తెలుసా?

విజీనారం_వయొలిన్:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇక్కడి సంగీత కళాశాలలోనే వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇంటికొచ్చాక వినేది మాత్రం ఎక్కువగా మెటల్, అదే గిటార్ల హోరుతో ఉండే గట్టి రాక్ సంగీతం. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూస్తుంటే కొన్నింటికి మూలన "స్కజ్" అని లోగో ఉంటోంది. ఎవరో టీవీలోంచి రికార్డు చేసి పెట్టినవి. బ్రిటన్ ఛానల్ అనీ, ఇప్పుడు లేదనీ తెలిసింది. ఇరవై నాలుగు గంటలూ రాక్, మెటలే వేస్తే ఖర్చులు ఎలా గిట్టాయి? ఎందుకు మూసేశారు? ఇంకో సందేహం, అప్పట్లో మన ఊళ్లో పెద్ద డిష్ పెట్టి ఉంటే వచ్చేదా? కాస్త వివరంగా రాయండి.

నాగావళి_గట్టు:

తమ్ముడూ, ఈ పేరు మన జిల్లాల వాళ్ల నోట వింటాననుకోలేదు. చాలా సంతోషం. మాది శ్రీకాకుళం. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా అద్దె ఇంటి వంటగదిలో పాత టీవీ ఒకటి ఉండేది. సాయంత్రమైతే అందులో స్కజ్ తప్ప ఇంకోటి పెట్టేవాళ్లం కాదు.

ముందు అది ఎలా పుట్టిందో చెప్తాను. 1998 అక్టోబరులో అక్కడ స్కై అనే ఉపగ్రహ టీవీ కంపెనీ వాళ్లు డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టారు. అంతకుముందు అనలాగ్‌లో ఉపగ్రహం మీద ఒక్కో ట్రాన్స్‌పాండర్‌కి (సిగ్నల్ అందుకుని తిరిగి కిందకి పంపే పరికరం) ఒక్కో ఛానల్. డిజిటల్ వచ్చాక అదే చోట చాలా ఛానళ్లు పట్టాయి. కొద్దిమందే చూసే ఛానల్‌ని కూడా నడపొచ్చన్న ధైర్యం అప్పుడొచ్చింది. 2001లో కెరాంగ్ టీవీ వచ్చింది. 1981 నుంచి వస్తున్న రాక్ పత్రిక కెరాంగ్ పేరే దానికి పెట్టారు. 2003లో స్కై తనే మూడు పాటల ఛానళ్లు తెచ్చింది: ఫ్లాంట్, ది ఆంప్, స్కజ్. ఆంప్ ఎక్కువకాలం నిలవలేదు. స్కజ్ తర్వాత చార్ట్ షో అనే పేరుతో పాటల ఛానళ్లు నడిపే కంపెనీ చేతికి వెళ్లింది, ఆ కంపెనీని 2014లో సోనీ పిక్చర్స్ టెలివిజన్ కొంది. 2018 నవంబర్ 15న ప్రసారం ఆపేశారు.

ఖర్చు సంగతి అడిగావు. ఇలాంటి ఛానల్‌కి పెద్ద స్టూడియో అక్కర్లేదు, తారలకి పారితోషికాలు లేవు. వీడియో తీసే ఖర్చు రికార్డు కంపెనీది, బ్యాండుదీ. ఛానల్ కట్టాల్సింది వీడియో హక్కుల రాయల్టీ, పాట రాసినవాళ్ల రాయల్టీ, ఉపగ్రహం అద్దె. మిగతాదంతా ఏ పాట తర్వాత ఏ పాట అని వరస పేర్చే మనిషి పని. ఆదాయం ప్రకటనలది. 2005 ప్రాంతంలో అక్కడి పాటల ఛానళ్లు ఏది తిప్పినా మొబైల్ రింగ్‌టోన్ ప్రకటనలే. క్రేజీ ఫ్రాగ్ అనే కప్ప బొమ్మ గుర్తున్నవాళ్లుంటారు.

ఇంకోటి చెప్పాలి. బ్రిటన్‌లో రాత్రి 9 దాటేదాకా పిల్లలు చూడకూడనివి టీవీలో వెయ్యకూడదు. పగలు బూతుమాట వచ్చినచోట గొంతు మాయమయ్యేది, రక్తం కనిపించే ముక్క కత్తిరించేవాళ్లు. తొమ్మిది దాటాక అసలు మెటల్ దిగేది. మేం అన్నం వండుకునేది కూడా ఆ వేళకే. వీడియో మొదలవగానే తెర అడుగున బ్యాండు పేరు, పాట పేరు వచ్చి కొన్ని క్షణాల్లో పోయేవి. గరిటె పక్కన పడేసి, కిరాణా రసీదు వెనకాల ఆ పేరు రాసుకునేవాణ్ణి. మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలీదు కదా.

అలా రాసుకున్నవాటిలో నీకు పనికొచ్చేది ఒకటుంది. అపోకలిప్టికా. ఫిన్లండ్‌లో సిబేలియస్ అకాడమీ అనే సంగీత కళాశాలలో చెల్లో (వయొలిన్‌లాంటిదే, ఇంకా పెద్దది) నేర్చుకున్న కుర్రాళ్లు 1993లో కట్టిన బ్యాండు. 1996లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో అమెరికా మెటల్ బ్యాండు మెటాలికా పాటల్ని నాలుగు చెల్లోల మీద వాయించారు. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. గిటార్ తీగని అరచేత్తో నొక్కిపట్టి కొట్టే ఆ తునకల శబ్దాన్ని కమాను మొదట్లో, బరువంతా వేసి, పొట్టి పొట్టి లాగుళ్లతో తెచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపిన కళాశాలలో కమాను పట్టినవాడివి, అందులో ఎంత పనుందో నాకన్నా నీకే బాగా తెలుస్తుంది. ఆ పేరు నేను వెతికి పట్టుకున్నది కాదు. ముందు ఒక అమెరికా బ్యాండు, తర్వాత ఇంకెవరో, ఆ మధ్యలో వీళ్లు. అడగకుండా వచ్చి పడ్డారు. స్కజ్ మీద నాకున్న ప్రేమంతా అందుకే.

డిష్_మాస్టారు:

బాబూ, డిష్ ప్రశ్నకి నేను చెప్తాను. శ్రీకాకుళంలో కేబుల్ కంట్రోల్ రూములో పనిచేసినోణ్ణి.

మనకి స్టార్ టీవీ 1991లో ఏషియాశాట్-1 మీద వచ్చీది. ఆ ఉపగ్రహం 105.5 డిగ్రీల తూర్పున ఉండీది, అంచేత మేడమీద జాలీ డిష్ మూతి ఆగ్నేయానికి, సముద్రం వైపు ఉండాలి. తుఫాను గాలికి కొంచెం తిరిగితే చాలు, తెరంతా చుక్కలే. ఒకడు మేడమీద డిష్ తిప్పుతుంటే ఇంకొకడు కింద టీవీ చూసి "వచ్చింది, ఆపు" అని కేకేసీవాడు. ఎమ్‌టీవీ దాంట్లోనే వచ్చింది. 1994లో అది స్టార్‌ని వదిలేస్తే ఆ చోట ఛానల్ వి పెట్టారు. 1996లో ఎమ్‌టీవీ మళ్లీ ఇండియాకి విడిగా వచ్చింది.

స్కజ్ ఉన్నది 28.2 డిగ్రీల తూర్పున, ఆస్ట్రా ఉపగ్రహాల మీద. మన ఊరి నుంచి చూస్తే దాదాపు పడమర, బాగా కిందకి. డిష్ అటు తిప్పొచ్చు గాని ఏమీ రాదు. దాని కిరణాన్ని ఐరోపా వైపే గురిపెట్టారు, అందులోనూ కేయూ బ్యాండు (ఇక్కడ బ్యాండు అంటే ఉపగ్రహ సిగ్నల్ తరంగాల శ్రేణి). ఏషియాశాట్‌ది సీ బ్యాండు అనే ఇంకో శ్రేణి, ఆసియా అంతా పరుచుకున్నది.

ఇంకో మాట. వచ్చినా ఎవరూ వెయ్యరు. ఆ కాలం టీవీల్లో బటన్లే తక్కువ. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చీసరికి చోటు కోసం ముందు తీసింది ఇంగ్లీషు పాటలే. నాకు బాధగానే ఉండీది, రాత్రి డ్యూటీలో అవి చూసీవోణ్ణి.

విజీనారం_వయొలిన్:

నాగావళి అన్నా, మాస్టారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. అపోకలిప్టికా పేరు విన్నాను గాని ఆ మొదటి ఆల్బమ్ వినలేదు. ఒక్క సందేహం మిగిలింది. అంత ఇష్టపడి చూసేవాళ్లున్నప్పుడు ఎందుకు మూతపడింది? యూట్యూబేనా కారణం?

నాగావళి_గట్టు:

అదే పెద్ద కారణం. యూట్యూబ్ 2005లో వచ్చింది. కావాల్సిన పాట కావాల్సినప్పుడు దొరికితే టీవీ ముందు ఎదురుచూసేదెవరు? స్మార్ట్‌ఫోన్లు రాగానే రింగ్‌టోన్లు కొనేవాళ్లూ పోయారు, ఆ ప్రకటనలూ పోయాయి. స్కజ్ ఒక్కటే కాదు, ఎమ్‌టీవీ రాక్స్ 2020లో, కెరాంగ్ టీవీ 2024 జూన్ 30న ఆగిపోయాయి. కెరాంగ్‌తో పాటు బాక్స్ అనే గుంపులోని పాటల ఛానళ్లన్నీ వాటి యజమాని, ఛానల్ 4 అనే బ్రిటన్ టీవీ సంస్థ ఒకేరోజు తీసేసింది.

స్కజ్ పోయిన సంగతి నాకు అక్కడి స్నేహితుడు మెసేజ్ పెడితే తెలిసింది. తిత్లీ తుఫాను వెళ్లి నెల దాటింది. ఉద్దానంలో మా అత్తగారి కొబ్బరి చెట్లు కూలినవి కూలినట్టే ఉన్నాయి. ఆ రోజుల్లో దాని గురించి మాట్లాడటానికి మా ఇంట్లో ఎవరూ లేరు, నాకు మాత్రం మనసంతా అటే పోయింది.

నువ్వొక పని చెయ్యి తమ్ముడూ. లోగో ఉన్న విడి పాటలు కాదు, ప్రకటనలతో సహా గంటసేపు ఏకబిగిన రికార్డు చేసినవి దొరుకుతాయేమో వెతుకు. దొరికితే ముందుకు జరపకుండా చూడు, నచ్చని పాట వచ్చినా సరే. లింకు ఇక్కడ పెట్టు, నేనూ చూస్తాను.