ట్రిమ్ క్విక్ మోడ్: ఉంచుకోవాలా, స్టాండర్డ్‌కి మార్చేయాలా?

పాలీలైన్:
కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో 2021 వెర్షన్ నుంచి ట్రిమ్ (గీతను కత్తిరించే కమాండ్), ఎక్స్‌టెండ్ (గీతను సాగదీసే కమాండ్) రెండూ క్విక్ మోడ్‌లోనే మొదలవుతున్నాయి. కట్టింగ్ ఎడ్జ్ (ఎక్కడిదాకా కోయాలో చెప్పే హద్దు గీత) ఏదని అడగకుండా, కనబడే గీతలన్నిటినీ ఎడ్జ్‌లుగా తీసుకుంటాయి. ప్లాన్లు గీసేవాళ్లు ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ అనే సెట్టింగ్ విలువను 0 చేసి పాత స్టాండర్డ్ మోడ్‌కి మారాలని నా అభిప్రాయం. ఒక గోడ గీతను నాలుగు గ్రిడ్ లైన్లు, ఒక సెంటర్ లైన్ దాటుతున్నాయనుకోండి. క్విక్ మోడ్‌లో ఒక క్లిక్‌కి పోయేది అటూ ఇటూ దగ్గరున్న రెండు ఖండనల మధ్య ముక్కే. మిగతావాటికి ఒక్కోదానికీ ఒక్కో క్లిక్. స్టాండర్డ్‌లో కావలసిన రెండు గోడ గీతలనే ఎడ్జ్‌లుగా ఎంచి ఎంటర్ కొడితే, ఎన్ని గ్రిడ్ లైన్లు అడ్డొచ్చినా ఒకే క్లిక్‌తో మధ్య భాగం మొత్తం పోతుంది. ఇంకో చిక్కు: దేన్నీ తాకని గీత మీద పొరపాటున క్లిక్ పడితే క్విక్ మోడ్ దాన్ని పూర్తిగా చెరిపేస్తుంది. దూరం నుంచి జూమ్ చేసి చూస్తున్నప్పుడు అది కంటపడదు.

ఫెన్స్_క్రాసింగ్:
పాలీలైన్ గారూ, ఆ ఇబ్బంది నిజమే, దానికి మోడ్ మార్చడం మాత్రం అక్కర్లేదు. క్విక్ మోడ్‌లో ఉండగానే కమాండ్ లైన్‌లో ఇంగ్లీషు అక్షరం టి కొట్టండి. కట్టింగ్ ఎడ్జ్‌లు ఎంచమంటుంది, అక్కణ్నుంచి మీరు చెప్పినట్టే నడుస్తుంది. గ్రిడ్ లైన్లున్న లేయర్‌ని ఫ్రీజ్ చేస్తే (కనబడకుండా దాచేస్తే) ఆ పనీ లేదు. పాత మోడ్‌లో ఎక్కువమంది చేసేదేమిటి? ట్రిమ్ అని కొట్టి, ఏమీ ఎంచకుండా ఎంటర్. అంటే అన్నీ ఎడ్జ్‌లే. క్విక్ మోడ్ మనచేత ఆ ఒక్క ఎంటర్ కొట్టించడం మానేసింది, అంతే. పైగా ఖాళీ చోట మౌస్ నొక్కిపట్టి గీతల మీదుగా లాగితే, దారిలో తగిలినవన్నీ ఒక్కసారే కత్తిరించుకుపోతాయి. షిఫ్ట్ పట్టుకుని లాగితే అదే ఎక్స్‌టెండ్. గీత పూర్తిగా పోవడం కూడా లోపం కాదు. ట్రిమ్ చేశాక మిగిలే చిన్న తునకల్ని ఎరేజ్‌తో ఏరుకునే పని తప్పుతుంది.

సున్నా_రేడియస్:
మూల కలపడానికి ట్రిమ్ వాడుతున్నంత కాలం ఏ మోడ్ అయినా ఒకటేనండీ. మూలకు ఫిల్లెట్ (రెండు గీతల్ని మూల దగ్గర కలిపే కమాండ్) వాడాలి. 200 మి.మీ. గోడను ఆఫ్‌సెట్‌తో (గీతకు సమాంతరంగా నకలు తీసే కమాండ్‌తో) మధ్య గీతకు అటూ ఇటూ గీశారనుకుందాం. బయటి గీతలు ఒకదాన్నొకటి అందుకోవు, లోపలివి దాటిపోతాయి. ట్రిమ్‌తో అయితే లోపలి రెండు తోకలూ కోయాలి, బయటివాటిని మళ్లీ సాగదీయాలి. ఫిల్లెట్‌లో ఎం కొట్టి మల్టిపుల్ (వరుసగా చాలా మూలలు కలిపే ఆప్షన్) పెట్టుకోండి. మొదటి గీత క్లిక్, షిఫ్ట్ పట్టుకుని రెండో గీత క్లిక్. అంతకు ముందు రేడియస్ (మూల వంపు) 50 పెట్టి ఉన్నా షిఫ్ట్‌తో సున్నాగానే తీసుకుంటుంది. మూలకు నాలుగు క్లిక్‌లు, అందనివీ దాటినవీ ఒకే దెబ్బకి సరి.

క్లిక్ చేసిన వైపు మిగులుతుంది, అవతలి వైపు పోతుంది. ట్రిమ్‌లో పోయేదాన్ని క్లిక్ చేస్తాం, ఇక్కడ ఉండాల్సినదాన్ని. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. గోడ వెళ్లి ఇంకో గోడ మధ్యలో కలిసే టీ ఆకారపు చోట ఫిల్లెట్ పనికిరాదు. నేరుగా సాగిపోవలసిన గీతను కూడా మధ్యలో తెంపేస్తుంది. అక్కడ ట్రిమ్ ఒక్కటే దారి.

పాలీలైన్:
టీ జంక్షన్ విషయం ఒప్పుకుంటాను. అందని గీతలకు స్టాండర్డ్‌లోనూ దారుంది: ఎడ్జ్‌మోడ్ అనే సెట్టింగ్‌ని 1 చేస్తే ఎడ్జ్‌ని ఊహలో పొడిగించి అక్కడిదాకా సాగదీస్తుంది. ఆ ఎడ్జ్ ఆప్షన్ స్టాండర్డ్ కమాండ్ లైన్‌లోనే కనబడుతుంది.

సున్నా_రేడియస్:
ట్రిమ్‌కీ ఫిల్లెట్‌కీ దానికన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. సర్వే నుంచి వచ్చిన ఫైళ్లలో గీతల జెడ్ విలువలు (ఎత్తులు) వేరువేరుగా ఉంటాయి. ట్రిమ్ మామూలుగా ప్రోజ్‌మోడ్ అనే సెట్టింగ్ 1తో పనిచేస్తుంది, అంటే యూసీఎస్ (మనం గీసే అక్షాల వ్యవస్థ) తలం మీద పడే నీడను చూసి కోసేస్తుంది. పైనుంచి చూస్తే మూల కలిసినట్టే ఉంటుంది, నిజానికి ఒకటి 0 ఎత్తులో, ఇంకోటి 350లో. పీఎడిట్ జాయిన్‌తో ఒకే గీతగా కలపబోతే కలవదు. అదే రెండు గీతలూ ఒకే తలంలో లేకపోతే ఫిల్లెట్ మొదట్లోనే ఒప్పుకోదు. ఆ మొండితనమే మనల్ని కాపాడుతుంది. ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ రెండూ 0 చేసి మొదలుపెట్టండి.

లేయర్_జీరో:
ముగ్గురూ ఒక సంగతి వదిలేశారు. "ట్రిమ్ చేశాను, గీత పోలేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఒకదాని మీద ఒకటి పడి ఉన్న గీతలు. పైది పోయింది, కిందిది కనబడుతోంది. ఏ మోడ్‌కైనా ముందు ఓవర్‌కిల్ (అలాంటి అదనపు గీతల్ని తీసేసే కమాండ్) నడపాలి. టాలరెన్స్‌ని (ఎంత దగ్గరున్న గీతల్ని ఒకటిగా లెక్కించాలన్న హద్దును) అది ఇచ్చే 0.000001 దగ్గరే ఉంచండి. తొందరపడి 5 పెడితే, 4 మి.మీ. దూరంలో కావాలని గీసిన అద్దం జంట గీతలు కూడా ఒక్కటైపోయే ప్రమాదం ఉంది. చివరలు కలిసిన ఒకే వరుస గీతలను ఏకం చేసే టిక్ కూడా చూసుకోండి. తలుపు దగ్గర కావాలని బ్రేక్ చేసిన గీత అతుక్కుపోతుంది.

ఫెన్స్_క్రాసింగ్:
ఓవర్‌కిల్ ముందు అన్నది సరైన మాట. మోడ్ విషయంలో నేను మారలేదు: క్విక్ ఉంచి, రద్దీ చోట టి. పాలీలైన్ గారూ, ఈసారి గ్రిడ్ లేయర్ ఫ్రీజ్ చేసి అదే గోడ మీద రెండు మోడ్‌లలోనూ క్లిక్‌లు లెక్కపెట్టి ఇక్కడ పెట్టండి.