మంగళయాన్ ఫొటోలోని ఆడవాళ్లు అంతరిక్ష చరిత్రలోకి వస్తారా, రారా?

నెల్లూరు_పిల్ల: 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఆ రోజు పట్టుచీరల్లో, తలలో పూలతో నవ్వుతున్న బెంగళూరు ఇస్రో ఆడవాళ్ల ఫొటో గుర్తుందా? ఇప్పటికీ అంతరిక్ష రంగంలో మహిళలు అనగానే అదొక్కటే షేర్ చేస్తారు. టి.కె. అనురాధ గారు 1982లోనే ఇస్రోలో చేరారు. 2011లో జీశాట్-12కి ప్రాజెక్టు డైరెక్టర్. ఇస్రోలో ఒక ఉపగ్రహానికి ఆ బాధ్యత తీసుకున్న మొదటి మహిళ ఆవిడే. మా పిల్లల స్కూల్లో అడిగితే ఆ పేరు ఒక్కరికీ తెలియలేదు. ఎందుకిలా?

పాత_రేడియో: ముందు ఒకటి సరిచేయాలి. ఫొటోలో ఉన్నది సైంటిస్టులు కాదు, ఆఫీసు పరిపాలన సిబ్బంది. ఆ సంగతి ఇస్రోనే తర్వాత చెప్పింది.

నెల్లూరు_పిల్ల: సైంటిస్టులని నేనెక్కడ రాశానండీ? పోస్టు మళ్లీ చదవండి.

చుక్కల_లెక్క: నందిని హరినాథ్, రీతూ కరిధాల్ ఇద్దరూ ఆ మిషన్‌కి డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్లు. వాళ్ల గురించి మాట్లాడండి.

పాత_రేడియో: నేనంటున్నదీ అదే. చంద్రయాన్-2 చూడండి. 2019 జులై 22న శ్రీహరికోట నుంచి లేచింది. ప్రాజెక్టు డైరెక్టర్ ఎం. వనిత, మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్. ఇలాంటివాళ్లుండగా ఆ ఫొటోతో పనేముంది? పని చేసినవాళ్లను వదిలేసి చప్పట్లు కొట్టినవాళ్లను చూపిస్తున్నాం.

చీరాల_మగ్గం: ఎవరిది పనో ఎలా తేలుస్తారు సార్? అపోలో కంప్యూటర్ ప్రోగ్రామును అమెరికాలోని వాల్తంలో, రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చేత్తో అల్లారు. సూదికి సన్నటి తీగ, ఎదురుగా చిన్న చిన్న అయస్కాంతపు రింగులు. తీగ రింగులోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. ఏ రింగులో దూర్చాలో యంత్రం చూపిస్తుంది, దూర్చేది మనిషే. ఒక్క తీగ తప్పితే ప్రోగ్రామే తప్పు. 1969లో చంద్రుడి మీద దిగింది ఆ అల్లిక నమ్ముకునే. మాది నేత కుటుంబం, ఒక్క పోగు తప్పితే ఎంత చాకిరీయో నాకు తెలుసు. ప్రోగ్రాము రాసిన బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ పేరు అందరూ చెప్తారు. అల్లినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి.

పాత_రేడియో: నైపుణ్యం గొప్పదే, కాదనను. కానీ ఏం అల్లాలో నిర్ణయించింది వాళ్లు కాదు.

నెల్లూరు_పిల్ల: నిర్ణయించినవాళ్లే చరిత్రా? మా అమ్మ ఒక సంస్థలో పర్చేజ్ సెక్షన్ గుమస్తా. రాకెట్‌కి కావలసిన వాల్వు దగ్గర్నుంచి ఇండెంటు, టెండరు, కస్టమ్స్ కాగితాలు అన్నీ ఆవిడ చేతి మీదే కదిలేవి. సరుకు ఓడరేవులో ఆగిపోతే ఇంట్లో అన్నం సహించేది కాదు, అంత టెన్షన్. రిటైరైన రోజు శాలువా కప్పి "అందరినీ అమ్మలా చూసుకున్నారు" అన్నారు. ఆవిడ తెప్పించిన సామాను గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. మీరిప్పుడు చేస్తున్నదీ అదే.

గోదారి_గట్టు: కొంచెం నెమ్మదిగా మాట్లాడుకోండి ఇద్దరూ.

పాత_రేడియో: అయితే నాదీ వినండి. మా అక్క ఇంజినీరు, టెస్టింగ్ విభాగంలో. పెద్దలెవరొచ్చినా బొకే ఇవ్వడానికి తననే పిలిచేవారు. ఒకాయన అందరి ముందు "ఏ సెక్షన్‌లో టైపిస్టమ్మా?" అన్నాడు. పక్కనున్న మగవాళ్లెవరినీ అడగలేదు. ఆ ఫొటో కింద "మన సైంటిస్టులు" అని రాస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. చీర కట్టుకున్నవాళ్లంతా ఒకటే అన్నట్టు చూసే కళ్లు అవి.

నెల్లూరు_పిల్ల: ఆయన అన్నది ముమ్మాటికీ తప్పు. కానీ మీ కోపం ఆయన మీద పోకుండా ఫొటోలో ఉన్నవాళ్ల మీద ఎందుకు పడుతోంది? వాళ్లు సైంటిస్టులమని చెప్పుకోలేదు. రాసింది పత్రికలవాళ్లు.

చుక్కల_లెక్క: ఇస్రోకి ఇంతవరకు ఒక్క మహిళ కూడా ఛైర్మన్ కాలేదు. దాని గురించి ఇద్దరూ ఒక్క ముక్క అనలేదు.

పాత_రేడియో: ఛైర్మన్ సంగతి తర్వాత. కొనుగోలు ఫైలునీ టెస్ట్ రిపోర్టునీ ఒకే గాటన కట్టమంటే మాత్రం ఒప్పుకోను.

నెల్లూరు_పిల్ల: కట్టొద్దు. మా అమ్మ నడిపిన ఇండెంట్ల మీద పొడి అక్షరాలైనా ఆవిడవి ఉన్నాయి. మీ అక్కగారి రిపోర్టుల మీద ఆవిడ సంతకం ఉందా?

పాత_రేడియో: లేదు. గ్రూప్ హెడ్‌ది ఉంటుంది. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది దాని గురించే.