ఐర్లండ్‌లో సైకిల్ రేసులు: కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (లిమరిక్)
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈమధ్యే వచ్చాను. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద వారాంతాల్లో 80 కిలోమీటర్లు తొక్కేవాణ్ణి, రేసుల్లో మాత్రం దిగలేదు. ఇక్కడ ముందు బైక్ కొనాలా, లైసెన్స్ తీసుకోవాలా? ఇండియా పాస్‌పోర్ట్ ఏమైనా అడ్డమా?

జవాబు (కార్క్)
రెండూ కాదండీ, ముందు క్లబ్‌లో చేరండి. ఇక్కడ చాలా రేసులు పెట్టేది ఊరి క్లబ్బులే. మలుపు మలుపుకీ జెండా పట్టుకుని నిలబడేదీ, చివర్లో టీ పోసేదీ సభ్యులే. అందుకే రేసులు ఆడేవాళ్ళు ఏడాదిలో ఒకటి రెండు రోజులు మార్షల్ డ్యూటీ చేయాలని చాలాచోట్ల ఆశిస్తారు. అడిగేదాకా ఆగకుండా మీరే పేరిచ్చేయండి, పది స్పిన్‌లకు వెళ్ళినా కలగని పరిచయాలు ఆ ఒక్కరోజులో అవుతాయి. (గుంపుగా తొక్కడాన్ని ఇక్కడ స్పిన్ అంటారు.)

లైసెన్స్‌కు ఇక్కడి సైకిల్ సమాఖ్య సైక్లింగ్ ఐర్లండ్ వెబ్‌సైట్‌లో మీ క్లబ్‌ను ఎంచుకుని దరఖాస్తు పెట్టాలి. సరదాగా తొక్కేవాళ్ళ లీజర్ సభ్యత్వం మీద రేసులకు రానివ్వరు, పోటీ లైసెన్స్ వేరే ఉంటుంది. కొత్తవాళ్ళను ఏ4 అనే అన్నిటికన్నా కింది విభాగంలో వేస్తారు. పాయింట్లు వచ్చేకొద్దీ ఏ3, ఏ2, ఏ1. లైసెన్స్ ఇచ్చేది నివాసం ఉన్న దేశపు సమాఖ్యే కాబట్టి ఇండియా పాస్‌పోర్ట్ అడ్డం కాదు. జాతీయ ఛాంపియన్‌షిప్ పతకం సంగతి వేరు, దానికి పౌరసత్వం కావాలి.

జవాబు (డబ్లిన్ 15)
పాస్‌పోర్ట్ అడ్డమయ్యేది ఇంకోచోట. సైక్లింగ్ ఐర్లండ్ ఉత్తర ఐర్లండ్‌తో కలిపి 32 కౌంటీలనూ చూస్తుంది, కాబట్టి మీ లైసెన్స్ బెల్‌ఫాస్ట్‌లోనూ చెల్లుతుంది. మీ ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ నివాస అనుమతి) చెల్లదు. సరిహద్దులో ఆపి అడిగేవాళ్ళు లేకపోయినా అవతలిది యూకే, మనకు వీసా ఉండాల్సిందే. మోనహన్, కవన్, డొనెగల్ వైపు రేసైతే రూట్ మ్యాప్ తప్పనిసరిగా చూసుకోండి. క్లోన్స్, కవన్ మధ్య రోడ్డే పలుసార్లు అటూ ఇటూ దాటుతుంది.

ఈ 32 కౌంటీల సంఘం వెనక పెద్ద తగాదా ఉంది. ద్వీపం మొత్తం మీద అధికారం వదులుకునేది లేదని ఎన్‌సీఏ అనే సంఘం పట్టుబడితే 1947లో అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ దాన్ని వెలివేసింది. తర్వాత దక్షిణానికొకటి, ఉత్తరానికొకటి గుర్తింపు ఉన్న సంఘాలు, పక్కన ఎన్‌సీఏ: ఇంత చిన్న దేశంలో మూడు కుంపట్లు. బయటి రేసులకు పోలేని ఆ ఎన్‌సీఏ వాళ్ళే 1953లో రాస్ టాల్టెన్ అనే కొన్ని రోజుల పాటు సాగే రోడ్ రేసు మొదలుపెట్టారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వాళ్ళ రైడర్లు నిరసనగా రోడ్ రేసులోకి చొరబడ్డారు కూడా. 1980ల చివరికి గానీ అందరూ ఒకే గొడుగు కిందికి రాలేదు. 1979లో 19 ఏళ్ళకే రాస్ గెలిచిన స్టీఫెన్ రోష్, 1987లో జిరో (ఇటలీ), టూర్ (ఫ్రాన్స్), ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడూ కొట్టాడు. రాస్ 2022 నుంచి అయిదు రోజుల రేసుగా నడుస్తోంది. విదేశీ జట్ల పక్కన కౌంటీ జట్లలో మామూలు క్లబ్ రైడర్లు తొక్కడం అందులో చూస్తారు.

జవాబు (గాల్వే)
కార్క్ అన్నయ్య చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేరుగా ఏ4 ఓపెన్ రేసుకు పోకండి. అందులో అందరూ కొత్తవాళ్ళే, చివరి కిలోమీటర్‌లో పడిపోవడాలు ఎక్కువ. ముందు వారం మధ్యలో సాయంత్రాలు జరిగే హ్యాండికాప్ లీగ్ ఆడండి. నెమ్మది గ్రూపును ముందు వదిలి, కొన్ని నిమిషాల తేడాతో మిగతావాటిని, అన్నిటికన్నా వెనక అందరికన్నా వేగమైన స్క్రాచ్ గ్రూపును వదులుతారు. దొరక్కుండా ఉండాలంటే ముందు గ్రూపు వంతులవారీగా ముందుకొచ్చి గాలికి ఎదురు తొక్కుతూ లాగాల్సిందే, పని అక్కడే వంటబడుతుంది. కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటేమిటంటే, తమ వంతు రాగానే వేగం పెంచేస్తారు. దాంతో వెనక రైడర్ల వరుస తెగుతుంది. వేగం అలాగే ఉంచి, పక్కకు తప్పుకున్నాక కొద్దిగా తగ్గించాలి. ముందువాడి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం ఎప్పుడూ పోనీకండి. అతను చెయ్యి వెడల్పు జరిగినా పడేది మీరే.

అసలు సమస్య పక్కగాలి. చాలా రేసులు ట్రాఫిక్ నడుస్తున్న రోడ్ల మీదే, మధ్య తెల్లగీత దాటితే డిస్‌క్వాలిఫై చేయొచ్చు. కుడినుంచి గాలి కొడితే ఆశ్రయం (ముందువాడి చాటు) ఎడమవైపు. మన సగం రోడ్డులో నలుగురైదుగురికే చోటుంటుంది, ఆరోవాడు గడ్డి అంచున ఒంటరిగా గాలికి కొట్టుకుంటాడు. ఎడమనుంచి వస్తే ఆశ్రయం తెల్లగీత వైపు, గీత దాటడాలన్నీ అప్పుడే. ముందురోజే గాలి దిశ చూసుకుని, రోడ్డు గాలికి అడ్డం తిరిగే మలుపు రాకముందే మొదటి పదిమందిలోకి వెళ్ళాలి. మలుపు తిరిగాక ఎంత కాలిబలం ఉన్నా లాభం లేదు.

మళ్ళీ ప్రశ్న (లిమరిక్)
చాలా థాంక్స్ అన్నా. మరి బైక్, తిండి?

జవాబు (కార్క్)
ఆఫీసులో బైక్ టు వర్క్ స్కీమ్ అడగండి. మామూలు సైకిల్‌కు 1,250 యూరోల దాకా పన్ను కట్టక ముందు జీతంలోంచి కోస్తారు. పై శ్లాబులో ఉంటే సగానికి దగ్గరగా మిగులుతుంది. నాలుగేళ్ళకు ఒక్కసారే, కొత్త బైకే కొనాలి, ముఖ్యంగా ఆఫీసుకు వెళ్ళిరావడానికే వాడాలి. ఏ4కు అల్యూమినియం ఫ్రేమ్ చాలు, మిగిలిన డబ్బు టైర్లకు పెట్టండి. ఇక్కడి రోడ్లు కంకర తేలి గరుకుగా ఉంటాయి. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైర్లో 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. 100 కొడితే బండి ఎగురుతూ పోతుంది, వేగం రాదు. హ్యాండిల్ చివర్ల ప్లగ్గులు ఊడి ఉండకూడదు, ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకు వంగే హ్యాండిళ్ళు) ఉంటే గుంపు రేసులో దిగనివ్వరు. శీతాకాలం స్పిన్‌లకు వెనక ఫ్లాప్ వేలాడే మడ్‌గార్డ్ తప్పదు, లేకపోతే మీ వెనకవాడి నోట్లోకి బురద. యూరప్ నుంచి సెకండ్‌హ్యాండ్ తెప్పిస్తే బ్రేకులు చూసుకోండి. అక్కడ ముందు బ్రేక్ ఎడమచేతికి, ఇక్కడ మనలాగే కుడిచేతికి.

తిండి గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్క. మెద్జూల్ ఖర్జూరం ఒకటి సుమారు 16 గ్రాములు, గింజ తీసి జేబులో పెట్టుకోండి. పల్లీపట్టీ రేసయ్యాక తినండి, అందులో కొవ్వు ఎక్కువ, మెల్లగా అరుగుతుంది.