సోమయాజులు గారిని ఎలా తలుచుకోవాలి: శంకరశాస్త్రిగానా, రామప్పంతులుగానా?

బొంకులదిబ్బ:
ఏప్రిల్ వస్తోంది. నటుడు జె.వి.సోమయాజులు గారు పోయింది 2004 ఏప్రిల్‌లోనే. ఆయన పేరు మీద విజయనగరంలో ఒక సాయంత్రం చేద్దామని మా వీధిలో కొందరం అనుకున్నాం. చందాలు కూడా కొంత పోగయ్యాయి. తగువు అక్కడే మొదలైంది. సగం మంది ఆయన శంకరశాస్త్రిగా వేసిన సినిమా ‘శంకరాభరణం’ తెర కట్టి వేద్దామంటున్నారు. నేనూ ఇంకో ఇద్దరూ గురజాడ గారి నాటకం ‘కన్యాశుల్కం’లో రామప్పంతులు ఉన్న ఘట్టాలు మన కుర్రాళ్లతో ఆడిద్దామంటున్నాం. రెండూ చేసే డబ్బు లేదు.

నా మాట ముందే చెప్తాను. శంకరశాస్త్రిని దేశమంతా తలుచుకుంటుంది. 1980 ఫిబ్రవరిలో వచ్చిన ఆ సినిమా, మరుసటి ఏడాది ఫ్రాన్సులో బెసాన్సాన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా తెచ్చుకుంది. దానికి మనం కొత్తగా చేర్చేది ఏమీ లేదు. కానీ ఆ వేషం దొరికేనాటికి ఆయన వయసు యాభై దాటింది, ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేసుకుంటూనే రంగు పూసుకున్న మనిషి. ‘కన్యాశుల్కం’లో రామప్పంతులు ఆయన, గిరీశం వేషం ఆయన తమ్ముడు రమణమూర్తి గారిది. వాళ్లిద్దరినీ స్టేజీ మీద చూసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ సగం జీవితాన్ని విజయనగరమే తలుచుకోకపోతే ఇంకెవరు తలుచుకుంటారు?

గంటస్తంభం సెంటర్:
అన్నా, నీ బాధ అర్థమైంది గానీ నేను సినిమా పక్షమే. మా అమ్మకి రామప్పంతులు ఎవరో తెలీదు. శంకరశాస్త్రి తెలుసు. టీవీలో ఆ సినిమా వస్తే పొయ్యి కట్టేసి కూర్చుంటుంది. చివర్లో ఆయన పాడుతూ పాడుతూ కుప్పకూలిపోయి, శిష్యుడు ఆ పాట అందుకుని పూర్తిచేసే చోట ప్రతిసారీ ఏడుస్తుంది. సోమయాజులు గారి అభిమానులంటే మన నాటకాలవాళ్లు ఒక్కరే కాదు, అలాంటి అమ్మలు కూడా. ఆవిడని పిలిచి, మీరు ప్రేమించింది అసలు సోమయాజులు గారిని కాదు, అసలాయన వేరే ఉన్నారు అని చెప్తామా?

ఇంకో సంగతి. నాటకం ఆ రాత్రితో అయిపోతుంది. ఆయన రామప్పంతులుని మళ్లీ ఎవరూ చూపించలేరు. ఎవరో కుర్రాడు వేసేది ఆ కుర్రాడి రామప్పంతులు అవుతుంది. సినిమాలో మాత్రం ఆయనే ఉన్నారు. ఆ కళ్లు, ఆ నడక, ఆ నిలబడే తీరు అన్నీ ఆయనవే. వర్ధంతి నాడు మనిషిని చూడాలనుకుంటాం కదా, ఆయన్నే చూద్దాం.

నాగావళి గట్టు:
శ్రీకాకుళం నుంచి ఒక మాట. ఆయన పుట్టింది మా జిల్లా లుకలాం అగ్రహారంలో. విజయనగరం వాళ్లు మీ ఊరి ఆయనే అన్నట్టు మాట్లాడుతుంటే మాకు కొంచెం కష్టంగా ఉంటుందండి. చదువూ నాటకమూ మీ దగ్గర, పుట్టుక మా దగ్గర. పిలిస్తే మేమూ వస్తాం, చందా కూడా ఇస్తాం. సినిమా అయితే మాత్రం అంత దూరం రావడానికి మా వాళ్లు ఒప్పుకోరు. అది ఫోన్లో ఉంది.

వీణ క్లాసు:
నేను సంగీత విద్యార్థిని. మన మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్ అనీ గర్వంగా చెప్పుకుంటాం కదా. ఆ వాతావరణంలో చదువుకుంటున్న దాన్ని కాబట్టి శంకరశాస్త్రి గురించి ఎవరూ ఇక్కడ అనని ఒక సంగతి చెప్తాను.

ఆ గొంతు సోమయాజులు గారిది కాదు. బాలు గారిది. ఆ పాటలకు బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. స్వరాలు కె.వి.మహదేవన్ గారివి, మాటలు జంధ్యాల గారివి, పాటలు వేటూరి గారివి. మరి సోమయాజులు గారు చేసిందేమిటి? ఆ గొంతుకి ఒక ఒళ్లు ఇచ్చారు. పాడేవాళ్లు పై స్థాయికి వెళ్లేముందు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, మెడ ఎలా నిలుపుతారో, పల్లవి వదిలి మళ్లీ అందుకునే లోపు కళ్లు ఎక్కడ ఉంటాయో అన్నీ చూసి నేర్చుకున్నట్టు ఉంటుంది. మా క్లాసులో ఆ సినిమా పెట్టుకుని సౌండు తీసేసి చూశాం. సౌండు లేకపోయినా ఆయన పాడుతున్నట్టే ఉంది. తెల్లవారుజామున కూతురు సాధన చేస్తూ స్వరం తప్పితే ‘శారదా’ అని ఒక్క అరుపు అరుస్తారు చూడండి, అది మాత్రం సొంత గొంతు. చివరి వరుసకి కూడా వినబడాలని స్టేజీ మీద ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతు అది.

కాబట్టి శంకరశాస్త్రి వేరు, రామప్పంతులు వేరు అని గీత గీయడం నాకు నచ్చలేదు. అయినా మీరు ఒకటే ఎంచుకోమంటే నాటకం అంటాను. ఎందుకంటే సినిమాలో ఆయన చేసింది ఎక్కడ నేర్చుకున్నారో మా వయసు వాళ్లం చూడలేదు.

మేకప్ పెట్టె:
అమ్మాయి చెప్పిన మాట విని చాలా సంతోషమైంది. నేను ఈ జిల్లాల్లో పరిషత్తు నాటకాలకు రంగు వేసినవాణ్ణి. నా అభిప్రాయం రాస్తాను, పెద్దది అవుతుంది, ఓపిక పట్టండి.

రామప్పంతులు వేషం తేలిక అనుకుంటారు. తేలిక కాదు. గిరీశానికి మాటలున్నాయి, ఇంగ్లీషు ముక్కలున్నాయి, చుట్ట ఉంది, వేసినవాడు కాస్త చురుకైనవాడైతే జనం వాడి వెంట పోతారు. రామప్పంతులు అలా కాదు. అగ్రహారంలో పెద్దమనిషిలా తిరుగుతాడు, కోర్టు వ్యవహారాలన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడతాడు, మధురవాణిని ఉంచుకున్నానని మీసం తిప్పుతాడు, ప్రతిచోటా మోసపోతాడు. వాడి పెద్దరికం నిజమని వాడు నమ్మాలి. వాడు నమ్మకపోతే జనం నవ్వరు. చాలామంది నవ్వించాలని ముందే వెకిలిగా ఆడేసి ఆ వేషాన్ని చంపేస్తారు. సోమయాజులు గారికి ఆ పెద్దరికం పుట్టుకతో ఉంది. ఆ నిటారు వెన్నూ ఆ గంభీరమైన గొంతూ పెట్టుకుని అబద్ధాలు ఆడుతుంటే జనం పొట్ట పట్టుకునేవాళ్లు.

మొదటి అంకంలో మంచం ఘట్టం తెలుసుగా. మధురవాణి ఇంట్లో రామప్పంతులు ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని గిరీశం కోసం వస్తుంది, గిరీశమూ అదే మంచం కింద దూరతాడు. చీపురు దెబ్బ తగిలేది పంతులుకి. ఆ మంచం కింద ఉన్నది అసలు అన్నదమ్ములిద్దరు! తమ్ముడు జారుకుంటాడు, అన్న దెబ్బ తింటాడు. ఒక డిప్యూటీ కలెక్టరు, ఇంట్లో పెద్దకొడుకులాంటి మనిషి, అంతమంది ముందు చీపురు దెబ్బ తిని లేచి ఉత్తరీయం సర్దుకోవడం ఎంత గొప్ప ధైర్యమో ఆలోచించండి. తన పరువు గుమ్మంలో వదిలి వేషంలోకి వెళ్లగలిగినవాడే నటుడు. తర్వాత శంకరశాస్త్రిలో మనం దణ్ణం పెట్టిన ఆ పరువు ఉంది చూశారూ, అదీ వేషమే. రెండూ అంతే శ్రద్ధగా కట్టారు. సినిమా ఒక్కటే చూపిస్తే జనం ఆయన నిజంగానే శంకరశాస్త్రి అనుకుని ఇంటికి పోతారు. నటుడికి అంతకంటే పెద్ద అన్యాయం ఉండదు, నా లెక్కలో.

గంటస్తంభం సెంటర్:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. కానీ చివరి మాట ఒప్పుకోను. జనం ఆయన్ని నిజంగా శంకరశాస్త్రే అనుకోవడం అన్యాయం ఎలా అవుతుంది? నటుడికి అదే కదా గెలుపు.

బొంకులదిబ్బ:
తమ్ముడూ, గెలుపే. కానీ ఆ గెలుపు తర్వాత ఏమైందో చూడు. ‘శంకరాభరణం’ తర్వాత సినిమావాళ్లు ఆయనకి ఎప్పుడూ అదే ఉత్తరీయం కప్పారు. గురువు, పురోహితుడు, తాతగారు, పండితుడు. నవ్వించగలరని, మోసగాడిగా వణికించగలరని పరిశ్రమకు గుర్తు కూడా రాలేదు. ఒక్క వేషాన్ని అంత ప్రేమించి మనమే ఆ మనిషిని అందులో కట్టేశాం.

గంటస్తంభం సెంటర్:
ఇది మాత్రం తప్పు అన్నా. ఉత్తరీయం ఒకటే కావచ్చు, మనిషి ఒకటే కాదు. 1981లో వచ్చిన ‘సప్తపది’ చూడు. అందులో ఆయన వేషం పేరు యాజులు గారు. నిష్ఠ, ఆచారం అన్నీ ఉన్న ముసలాయన. మనవడికి ఇచ్చి కట్టబెట్టిన అమ్మాయి మనసు, తక్కువ కులం అని అందరూ దూరం పెట్టే వేణువు వాయించే అబ్బాయి మీద ఉందని తెలుసుకుంటాడు. చివరికి ఆ అమ్మాయిని తానే తీసుకెళ్లి ఆ అబ్బాయికి అప్పగిస్తాడు. ఊరు ఊరంతా చూస్తుండగా. ఆ నిర్ణయానికి వచ్చేముందు ఆయన ముఖంలో పడే నలుగుడు చూడు. శంకరశాస్త్రిలో ఎక్కడా లేని నలుగుడు అది. అదే ఏడాది బాపు గారి ‘త్యాగయ్య’లో త్యాగరాజు ఆయనే. ఒకటే వేషం అని ఎలా అంటావు?

నిజం చెప్పాలంటే, ఈ థ్రెడ్ చదివాక నా ఓటు ‘శంకరాభరణం’కి కాదు, ‘సప్తపది’కి. గురజాడ గారు పసిపిల్లల పెళ్లిళ్ల మీద రాసిన ఊళ్లో, బలవంతపు పెళ్లిని తన చేత్తో విప్పిన తాతగారి సినిమా వేస్తే దానికి అర్థం ఉంటుంది.

వీణ క్లాసు:
అన్నయ్యా, ఇది నేను ఆలోచించలేదు. ‘సప్తపది’ మా ఫ్రెండ్స్ ఎవరూ చూడలేదు. నేనూ సగమే చూశాను.

నాగావళి గట్టు:
సినిమా సినిమా అని మళ్లీ అక్కడికే వచ్చారు. ఒక్క సంగతి అడుగుతాను. ఆయన రామప్పంతులుని చూసినవాళ్లు మా శ్రీకాకుళంలో, మీ విజయనగరంలో ఇప్పుడు ఎంతమంది మిగిలారు? వాళ్లంతా డెబ్బై, ఎనభై దాటినవాళ్లు. గిరీశం రమణమూర్తి గారు 2016లో పోయారు. స్టేజీ మీద వాళ్లిద్దరికీ తోడున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సినిమా ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదీ ఉంటుంది, పదేళ్ల తర్వాతా ఉంటుంది. ఈ పెద్దవాళ్లు ఉండరు. వాళ్లని కుర్చీలేసి కూర్చోబెట్టి, ఆయన తలపాగా ఎలా చుట్టేవారు, ఏ మాట దగ్గర ఆగేవారు, మధురవాణి వేసినవాళ్లతో ఎలా మసలేవారు అన్నీ అడిగి రికార్డు చేయండి. మేం శ్రీకాకుళంలో అడుగుతాం, మీరు అక్కడ అడగండి. నాటకం ఆడినా ఆడకపోయినా ఇది మాత్రం ఈ ఏప్రిల్లో జరగాలి.

మేకప్ పెట్టె:
బాబూ, నువ్వు చెప్పింది అన్నిటికంటే ముందు చేయాల్సింది. నన్ను కూడా అడగొచ్చు. నాకు తెలిసిన వాళ్ల ఇళ్లు చూపిస్తాను. కానీ నాటకం వదలొద్దు. పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని చెప్పే మాట ఒకటి. వాళ్ల ముందు కుర్రాడు పంతులు వేషం వేసి రిహార్సల్ చేస్తుంటే, అలా కాదురా అని లేచి చేసి చూపిస్తారు, అది వేరు. ఒళ్లు గుర్తుపెట్టుకున్నవి నోటితో చెప్పలేరు. నేను ఎన్నోసార్లు చూశాను. సోమయాజులు గారి పంతులు మళ్లీ రాడు, గంటస్తంభం బాబు అన్నది నిజమే. కానీ ఆయన వదిలిన కొన్ని సంగతులు ఆ పెద్దవాళ్ల చేతుల్లోంచి కుర్రాళ్ల చేతుల్లోకి వస్తాయి.

1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడిన నాటకం ఇన్నేళ్లు బతికింది ఇలాగే కదా. 1955లో సినిమా కూడా వచ్చింది. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్ రామప్పంతులు. అంత పెద్దవాళ్లు వేశాక కూడా ఈ అన్నదమ్ములు, సినిమాలో వచ్చేసింది కదా, మనమెందుకు అనుకోలేదు.

బొంకులదిబ్బ:
మాస్టారి మాటతో నా పక్షం ఇంకా గట్టిపడింది. మొత్తం నాటకం ఆడాలంటే గంటల తరబడి పడుతుంది, మన వల్ల కాదు. మంచం ఘట్టం ఒకటి, లుబ్ధావధానులు దగ్గర పంతులు వ్యవహారం నడిపే ఘట్టం ఒకటి. ఈ రెండూ చాలు. రిహార్సల్స్ వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడతాం. పెద్దవాళ్లని ఇంటి దగ్గర నుంచి ఆటోలో తీసుకొచ్చే బాధ్యత నాది. శ్రీకాకుళం వాళ్లు రికార్డింగు చూసుకుంటామంటే అంతకంటే ఏం కావాలి.

పంతులు వేషానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు బాగా నవ్విస్తాడు. ఇంకొకడు మండల ఆఫీసులో గుమస్తా, నవ్వడమే తెలీదు, గొంతు మాత్రం ఖంగుమంటుంది. మాస్టారూ, మీరు చెప్పినదాన్ని బట్టి నేను గుమస్తా వైపే ఉన్నాను. మీరొకసారి వచ్చి చూడాలి.

గంటస్తంభం సెంటర్:
సరే, నాటకానికి అడ్డం రాను. కానీ నా అభ్యంతరం అభ్యంతరంగానే ఉంచండి. సినిమా వల్లే ఆయన్ని ఎరిగిన జనం కూడా ఆ సాయంత్రం హాల్లో ఉండాలి. నాటకానికి ముందు ‘సప్తపది’లో ఆ చివరి ఘట్టం పది నిమిషాలు తెర మీద వేయండి. ప్రొజెక్టరు నేను తెస్తాను, అద్దె కూడా నాదే. మా అమ్మని ముందు వరుసలో కూర్చోబెడతాను. ఆవిడకి రామప్పంతులు ఎవరో ఆ రోజే తెలియనీ. మా అమ్మకి నచ్చకపోతే మాత్రం, వచ్చే ఏప్రిల్లో శంకరశాస్త్రి కోసం మళ్లీ ఇక్కడే పోట్లాడతాను.

మేకప్ పెట్టె:
ఆదివారం వస్తాను. గుమస్తా అబ్బాయికి ముందే చెప్పండి, పంతులు మాటలు కంఠస్థం చేసుకుని రావాలి. కాగితం చేత్తో పట్టుకుని వస్తే నేను వెనక్కి పంపించేస్తాను.