నెల్లూరు కాస్మోపాలిటన్ ఊరేనా?

పెన్నాగట్టు:
మొన్న ఒక స్థలాల వ్యాపారి కరపత్రంలో నెల్లూరును ‘కాస్మోపాలిటన్ నగరం’ అని, అంటే ఎక్కడివాళ్లనైనా కలుపుకొనే ఊరని వేశారు. కృష్ణపట్నం రేవు ఉంది, రొయ్య అమెరికాకు వెళుతోంది, చెన్నై పక్కనే ఉందనేవి వాళ్లు చూపిన కారణాలు. నాకు రుచించలేదు. రొయ్య ప్రపంచమంతా తిరుగుతుంది, సరే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్లు కనిపెట్టుకొని ఉంటూ, తెల్లవారగానే చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందేమో చూసే ఒడిశా కుర్రాడికి మనం ఊళ్లో గది అద్దెకు ఇస్తున్నామా? టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే మొదట ఏ ఊరంటారు, తరువాత ఇంటిపేరు అడుగుతారు, చివరికి గొంతు తగ్గించి ‘ఏమిట్లు?’ అంటారు, అంటే ఏ కులమని. ఇలాంటి ఊరికి ఆ పేరు తగదని నా వాదన.

ఒంగోలుగిత్త:
అంత చులకన చేయకండి. 1868లో ఇంగ్లండుకు వెళుతున్న ఓడలోని ఒంగోలు పశువుల జంటను బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్మేశారు. ఆ తరువాతా మన పశువులు అక్కడికి వెళుతూనే వచ్చాయి. ఈరోజు బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం వాటి సంతతే. ఆ జాతి పేరు నెలోర్, అంటే మన నెల్లూరే! ప్రపంచంలో ఇంకే జిల్లాకు దక్కింది ఈ గౌరవం?

పెన్నాగట్టు:
గిత్త గారూ, మీ ఉదాహరణ నా వైపే మొగ్గుతోంది. మనం ఒక జంటను పోగొట్టుకున్నాం, వాళ్లు ఆదరించి తమ జాతిగా చేసుకున్నారు. ఇందులో గొప్పతనం ఉంటే అది చేర్చుకున్నవాడిది.

చీమకుర్తి_లోడు:
నేను క్వారీలో పని చేస్తాను. గెలాక్సీ గ్రానైట్ రాయి కొనడానికి చైనా వాళ్లు వస్తారు, ఇటలీ వాళ్లు వస్తారు. దిమ్మె మీద నీళ్లు పోయించి, బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో, సన్నని పగులు ఎక్కడైనా దాగిందేమో ఎండలో వంగి చూస్తారు. నచ్చితే రంగుతో గుర్తు పెడతారు. వాళ్లకు ఏసీ కారు, కొబ్బరి బోండాం, మధ్యాహ్నం ఒంగోలులో భోజనం. అదే దిమ్మెకు రంధ్రాలు వేసిన ఒడిశా, బీహారు మనుషులకు మాత్రం రేకుల షెడ్డు. బయటివాళ్లందరూ మనకు పరాయివాళ్లు కారు, డబ్బు లేని బయటివాడే పరాయి.

మూలాపేట_ఓనరు:
అందరూ ఇంటివాళ్లనే తిడుతున్నారు, మా గోడు కూడా వినండి. ఇద్దరమని చెప్పి తీసుకున్న గదిలో ఎనిమిది మంది దిగారు. రెండు నెలలకే సెప్టిక్ ట్యాంకు నిండింది. ఖాళీ చేయమని అడుగుదామంటే తీసుకున్నవాడు ఊళ్లో లేడు, ఉన్నవాళ్లకు భాష రాదు. నాకు వాళ్ల మీద ద్వేషం లేదు, పూచీ లేదనే భయం ఉంది.

రొట్టెలవీధి:
మొహర్రంలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులోకి దిగి చూడండి. ఎక్కడెక్కడివాళ్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ‘ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గర ఉంది?’ అని కేకలు వేస్తుంటారు. కోరిక తీరినవాడు మరుసటేడు వచ్చి అదే కోరిక పేరిట రొట్టెను ముక్కు మొహం తెలియని మనిషికి ఇస్తాడు. ఏ మతమని ఎవరూ అడగరు.

పెన్నాగట్టు:
ఏడాదికి ఐదు రోజులు!

రొట్టెలవీధి:
ఐదు రోజులు చేసి చూపించినవాళ్లను చేతకానివాళ్లు అనకండి.

మోటుపల్లి:
మనసుల విశాలత మీద నాకు నమ్మకం తక్కువ, రాసిపెట్టిన షరతు మీద ఎక్కువ. మాది పాత ఓడరేవు ఊరు. ఇక్కడి వీరభద్రాలయంలో కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. (మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, ప్రకాశం వాళ్లు అలగవద్దు.) అంతకుముందు రాజులు తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. ఈయన అలా లాక్కోబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని రాతి మీద చెక్కించాడు. విదేశీ వర్తకుల మీద ప్రేమ పొంగిపొర్లిందని నేను అనుకోను. ఆయనకు సుంకం కావాలి, వాళ్లకు భద్రత కావాలి. రొయ్య సంగతే చూడండి. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు ఊరికే రానిచ్చారా? తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో దిగితే, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, రోగాలు లేవని తేలాకే హేచరీలకు వదులుతారు. పరాయి రొయ్యకు పద్ధతి ఏర్పాటు చేసుకున్నాం. మనిషికి పద్ధతీ లేదు, పరీక్షా లేదు, నేరుగా ‘కుదరదు’ అనడమే. ఓనరు గారి భయానికి మందు ఒప్పంద పత్రం. ఎంతమంది ఉంటారో, ఎవరు పూచీయో అందులో రాయించుకోవాలి. గుంట యజమాని సంతకం పెట్టాలి.

కనిగిరి_బేల్దారి:
మా నాన్న తాపీ మేస్త్రి. మా వైపు ఎన్నో కుటుంబాలు బేల్దారి పనికి పరాయి ఊళ్లు పట్టుకొని పోయినవే. బెంగళూరులో మాకు గది దొరికింది ఎవరి మంచితనం వల్లనో కాదు, మేస్త్రి పూచీ పడ్డాడు కాబట్టి. మోటుపల్లి గారి మాటే నా మాట.

మూలాపేట_ఓనరు:
సంతకం పెట్టే యజమాని ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఉన్నాడా?

పెన్నాగట్టు:
ఇద్దరిని అడిగి చూస్తాను. మీ షరతులు ఇక్కడే చెప్పండి.

మూలాపేట_ఓనరు:
మేడ మీద గది. నలుగురికి మించకూడదు. రెండు నెలల అడ్వాన్సు. చేపలు, మాంసం వండుకోవచ్చు, మా ఇంట్లోనూ రోజూ పులుసే.

ఒంగోలుగిత్త:
ప్రపంచం గురించి మొదలుపెట్టి అద్దె బేరంలో దిగారే!

పెన్నాగట్టు:
ఓనరు గారూ, ‘ఏమిట్లు’ అని మాత్రం అడగరు కదా?

మూలాపేట_ఓనరు:
అడుగుతాను. అడిగి కూడా ఇస్తాను.