బడిలో ప్లాస్టిక్ సీసాల బొమ్మలు: చెత్త తగ్గుతోందా, పెరుగుతోందా?

గోదారిగట్టు: మా పాప ఎనిమిదో తరగతి. బడిలో ప్లాస్టిక్ వ్యర్థాలతో బొమ్మల ప్రదర్శనట, తలా పది ఖాళీ సీసాలు తెమ్మన్నారు. ఇంట్లో మూడే ఉన్నాయి. మిగతా ఏడింటి కోసం కూల్‌డ్రింకులు కొని సింకులో పారబోశాం. ఇది చెత్త తగ్గించడమేనా?

పాతసామాన్ల కొట్టు: పెంచడమే. ఇరవై ఏళ్లుగా తుక్కు కొంటున్నాను. శుభ్రమైన నీళ్ల సీసా నా దగ్గరికొస్తే ముక్కలవుతుంది, కరుగుతుంది, దారమై గుడ్డలో కలుస్తుంది. దానికే ఎనామిల్ పూసి, గ్లూ గన్‌తో చెవులూ తొండమూ అంటించి తెస్తే ఎవరూ కొనరు. ఇక కుప్పతొట్టికే.

డ్రాయింగ్ మేడమ్: ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. కొనిపించడం తప్పే. మా పిల్లలు మాత్రం చెరువు గట్టున పడేసినవే ఏరి తెస్తారు. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోస్తే ఐదు రేకుల పువ్వు వస్తుంది. పుస్తకం ముట్టని పిల్లాడు ఆ పువ్వు పట్టుకుని గంటసేపు కదల్లేదు. అది ఏ తూకంలో వేస్తారు?

వేసవిగాలి: చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట చూడండి. నేక్‌చంద్ అనే ఆయన పగిలిన పింగాణీ, విరిగిన గాజులతో చేసిందే.

పాతసామాన్ల కొట్టు: విరిగిన పింగాణీని ఎవరూ కరిగించరు, పోలిక కుదరదు. మూత సంగతి చెప్పండి. మూత వేరే ప్లాస్టిక్. నీళ్ల తొట్టిలో వేస్తే మూత ముక్కలు తేలతాయి, సీసా ముక్కలు మునుగుతాయి. జిగురుతో అంటించాక ఎలా విడదీయాలి?

డ్రాయింగ్ మేడమ్: మూత తీసే కోస్తామండీ.

పాతసామాన్ల కొట్టు: మెడకి రింగు ఉంటుంది. అదీ మూత ప్లాస్టిక్కే. అది తీస్తారా?

నెల్లూరు నాన్న: అలంకరణ థర్మాకోల్‌కి 2022 జులై 1 నుంచి నిషేధం. మా బడి స్టేజీ నిండా అదే. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

డ్రాయింగ్ మేడమ్: రింగులూ మూతలూ తప్ప మీకు పిల్లలు కనబడరా? మా బడిలో రంగు కాగితాలకు పైసా లేదు. నా జీతంలోంచి కొంటున్నాను.

పాతసామాన్ల కొట్టు: కనబడరా? మా అమ్మ గోనెసంచి భుజానేసుకుని సీసాలు ఏరింది. నేను ఆరో తరగతిలో ఉండగా మా బడి గేటు దగ్గర అమ్మ ఏరుతుంటే మాస్టారు కసిరి తరిమారు. ఆ రోజు నుంచి క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడవే సీసాలకు రంగులేసి స్టేజీ మీద పెడితే పర్యావరణ సేవ అని షీల్డు ఇస్తున్నారు. రోజూ ఏరేవాళ్లని ఒక్క ప్రదర్శనకైనా పిలిచారా మేడమ్?

గోదారిగట్టు: నేను అడిగింది పది సీసాల సంగతి. దీని వెనక ఇంత ఉందనుకోలేదు అన్నా.

డ్రాయింగ్ మేడమ్: పిలవలేదు. ఒక్కసారి కూడా తోచలేదు. ఈసారి పిలుస్తాను. కానీ బొమ్మలు మానలేను. మీరు కొననివేవో చెప్పండి, వాటితో చేయిస్తా.

పాతసామాన్ల కొట్టు: చిప్స్ ప్యాకెట్లు. లోపలి వెండిరంగు పొర ఊడి రాదు, ఎవరూ కొనరు. సీసాలే కావాలంటే రంగు వేయకుండా తీగతో కట్టించండి. అయ్యాక కబురు పెట్టండి, నేనే వచ్చి తీసుకెళ్తా.

డ్రాయింగ్ మేడమ్: తీగతో చేప నిలుస్తుంది, ఏనుగు నిలవదు. ఏనుక్కి జిగురు తప్పదండీ.

పాతసామాన్ల కొట్టు: అయితే ఏనుగు మానేయండి.