బి-స్కాన్‌లో (కంటి అల్ట్రాసౌండ్) కదిలే తెల్ల గీత: పీవీడీనా (విట్రియస్ జెల్ రెటీనా నుంచి విడిపోవడం), ఆర్‌డీనా (రెటీనా ఊడిపోవడం)?

కొత్త_ప్రోబ్:
షుగర్ పేషెంటు, కుడి కంట్లో దట్టంగా విట్రియస్ హెమరేజ్ (కంటి లోపలి జెల్‌లో రక్తం). ఫండస్ (కంటి లోపలి వెనుక గోడ) అసలు కనిపించడం లేదు. 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్, రెప్ప మూయించి, గెయిన్ (ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలనే సెట్టింగ్) 90 డెసిబెల్స్‌లో ఆక్సియల్ వ్యూ (ఎదురుగా, నల్లగుడ్డు మీదుగా) తీస్తే డిస్క్‌కి (కంటి నరం మొదలయ్యే చోటు) అంటుకున్నట్టు తెల్ల గీత ఊగుతోంది. డిస్క్‌కి అంటింది కాబట్టి రెటీనా ఊడిందని రాసేయొచ్చా సార్?

గెయిన్_దించు:
అప్పుడే రాయకండి. ఆ ఒక్క వ్యూతో ఏదీ తేలదు. ఆక్సియల్‌లో శబ్దం లెన్స్ గుండా వెళ్లాలి, కొంత బలం అక్కడే పోతుంది. పైగా రెప్ప కూడా కొంత మింగేస్తుంది. మత్తు చుక్కలు వేసి, ప్రోబ్ కొనకి జెల్ పెట్టి, నేరుగా తెల్లగుడ్డు మీద ఆనించండి. గట్టిగా నొక్కొద్దు.

చూడాల్సిన భాగానికి ఎదురు వైపున ప్రోబ్ ఉండాలి. చెవి వైపు రెటీనా కావాలంటే పేషెంటు చెవి వైపు చూడాలి, ప్రోబ్ ముక్కు వైపు. ముందు ట్రాన్స్‌వర్స్‌లో (అడ్డకోతలో) నాలుగు క్వాడ్రంట్లూ (కంటి నాలుగు భాగాలూ) చూడండి. గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ మార్కర్‌ని (ప్రోబ్ మీది గుర్తు) నల్లగుడ్డు వైపు తిప్పి లాంగిట్యూడినల్ (ముందు నుంచి వెనక్కి కోత) తీయండి. అప్పుడు డిస్క్ స్క్రీన్ కింది భాగంలోకి వస్తుంది, గీత దాన్ని నిజంగా తాకుతోందో లేదో తెలుస్తుంది.

ఇక గెయిన్. 90లో రక్తపు చుక్కలు కూడా దొరుకుతాయి, అందుకే మొదలు అక్కడ. తర్వాత 80, 70, 60కి దించుతూ పోండి. పీవీడీ పొర ముందే మాయమవుతుంది, రెటీనా చాలాసేపు నిలబడుతుంది. మెషీన్‌ని బట్టి అంకెలు మారతాయి, పట్టుకోవాల్సింది ఏది ముందు మాయమైందన్నదే.

స్పైక్_వంద:
డిస్క్‌కి అంటుకోవడం మీద అంత నమ్మకం పెట్టుకోవద్దండీ. పీవీడీ పూర్తిగా విడిపోకపోతే అదీ డిస్క్‌కి వేలాడుతుంది, షుగర్ కళ్లలో ఇది మామూలే. ప్రోబ్ కదపకుండా ఉంచి, కుడి ఎడమలకు చకచకా చూసి ఠక్కున ఆపమనండి. పీవీడీ ఆ తర్వాత కూడా కాసేపు జారుతూ ఊగుతుంది. కొత్త ఆర్‌డీ కదలిక తక్కువ, బరువుగా ఉంటుంది. ట్రాక్షనల్ ఆర్‌డీ (పొరలు లాగడంతో ఊడిన రెటీనా) అయితే దాదాపు కదలదు, లాగిన చోట గుడారంలా నిక్కబొడుచుకుంటుంది.

ఎ-స్కాన్ స్పైక్ (ప్రతిధ్వని బలాన్ని ఎత్తుగా చూపే గీత) కూడా చూడండి. శబ్దం పొరకి లంబంగా తగిలితే రెటీనా స్పైక్ స్క్లీరా (తెల్లగుడ్డు) ఎత్తుకి దగ్గరగా లేస్తుంది. ఏటవాలుగా పట్టుకుంటే అదే రెటీనా పీవీడీలా పొట్టిగా కనిపిస్తుంది. తిరకాసేమిటంటే, రక్తం పేరుకున్న పీవీడీ కింది భాగంలో మందంగా, పొడుగు స్పైక్‌తో రెటీనాలా బుకాయిస్తుంది. అలాంటప్పుడు అదే పొరని పై క్వాడ్రంట్లలోకి వెంబడించండి, అక్కడ పలచబడితే రెటీనా కాదు.

కోరాయిడ్:
గోపురంలా నున్నగా లేచి, డిస్క్ దాకా రాకుండా ఆగిపోతే కోరాయిడల్ డిటాచ్‌మెంట్ (రెటీనా వెనకున్న రక్తనాళాల పొర ఊడటం) అనుకోవాలి. మందంగా ఉంటుంది, ఊగదు. స్పైక్ రెండు కొనలతో వస్తుంది. ఆపరేషన్‌లో సిలికాన్ ఆయిల్ నింపిన కన్నయితే బొమ్మే అబద్ధం చెబుతుంది: ఆయిల్‌లో శబ్దం సెకనుకి సుమారు 980 మీటర్లే, విట్రియస్‌లో 1532. గుడ్డు పొడుగ్గా సాగినట్టు కనిపిస్తుంది.

దెబ్బ తగిలి కన్ను చిరిగిన కేసైతే కుట్లు పడేదాకా ప్రోబ్ ఆనించకండి, లోపలిది బయటికి వస్తుంది.

కొత్త_ప్రోబ్:
70కి దించితే గీత పోయింది సార్, ఊగుడు కూడా ఎక్కువసేపే. రిపోర్టులో ఏం రాయాలి?

గెయిన్_దించు:
"దట్టమైన విట్రియస్ హెమరేజ్, డిస్క్‌కి అంటిన అసంపూర్ణ పీవీడీ, చూసిన మేరకు రెటీనా అతికి ఉంది." పక్కన గెయిన్ విలువ, గడియారం లెక్కన ఏ గంట దిక్కున తీశారో వేయండి. ఒకటి రెండు వారాల్లో మళ్లీ రమ్మనండి.